ఒళ్ళు చేసిన పెళ్ళికూతురు

చీకటి పడితే ఆ సందు మలుపు తిరగడానికి మగవాళ్ళు కూడా జంకేవారు. తప్పనిసరై వెళ్ళాల్సి వస్తే తల దించుకుని, అవతలి గోడ వారగా గబగబా నడిచిపోయేవారు. మలుపులో ఉన్నది మూతపడిన ఒక టైలరింగ్ కొట్టు. షట్టరు తుప్పు పట్టింది. పక్కన పెద్ద అద్దాల కిటికీ. ఆ అద్దం వెనక, పెళ్ళి గౌను తొడుక్కుని... ఒక బొమ్మ. తల లేదు, చేతుల్లేవు. ఉత్త మొండెం.

టైలరింగ్ కొట్టులో బొమ్మ ఉంటే అందులో భయపడ్డానికేముంది అంటారు కదూ? ఆ ముక్క ఎదురు గోడౌను వాచ్‌మన్‌తో అనాల్సింది.

“ఆ పెళ్ళికూతురు ఒళ్ళు చేస్తోందండీ బాబూ,” అని టీ కొట్టు దగ్గర గుసగుసగా చెప్పేవాడట. “రోజూ చూస్తున్నాగా. ఎండాకాలంలో పుల్లలా ఉండేది. ఇప్పుడు చూడండి... నడుం నిండింది.”

అందరూ పగలబడి నవ్వారు. దెయ్యాలు పీక్కుపోయి ఉంటాయని విన్నాం గానీ ఒళ్ళు చేసే దెయ్యమేమిటి, దానికి భోజనం నువ్వే పెడుతున్నావా అని ఆటపట్టించారు. కానీ నవ్వినవాళ్ళెవరూ మళ్ళీ ఆ దారిన వెళ్ళలేదు.

నాకీ సంగతి చెప్పింది మా పిన్ని. మా పిన్ని అబద్ధాలాడదని నేనేమీ ఒట్టు వెయ్యను. తన వయసు దగ్గరా, నా వంట మెచ్చుకునే దగ్గరా హాయిగా ఆడేస్తుంది. కానీ ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం చేతిలో పని పక్కన పెట్టేస్తుంది. పని పక్కన పెట్టి మాట్లాడే మనిషి కాదు ఆవిడ.

పిన్ని ఆ కొట్లోనే చేతికుట్టు పని చేసేది. యజమానురాల్ని అందరూ టైలరమ్మ అనేవారు. భర్త పోయాక ఒక్కతే మిషను తొక్కి కూతుర్ని పెంచింది. కింద కొట్టు, పైన ఇల్లు, లోపలి నుంచే మెట్లు.

ఆ కొట్టుకో పద్ధతి ఉండేది. చర్చి పెళ్ళికి కుట్టే గౌను ఎవరిదైనా సరే, బొమ్మ మీద కాదు, మనిషి మీద తొడిగి చూడాల్సిందే. “బొమ్మ ఊపిరి పీల్చదే. పెళ్ళికూతురు పీలుస్తుంది,” అనేది టైలరమ్మ. అలా తొడుక్కుని నిలబడే పని కూతురిది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరి కంటే ముందు వాళ్ళ గౌన్లు తొడుక్కున్నది ఆ పిల్లే. అందుకే దానికి ‘యువరాణి’ అని పేరు పెట్టారు.

నిలబడి నిలబడి విసుగొచ్చేది పాపం. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంచు సరిచేస్తుంటే ఇది అటూ ఇటూ ఊగేది. “కదలకే!” అని కింద నుంచి కేక. ఊగడం ఆపి, తాత్కాలికంగా వేసి విప్పేసిన కచ్చా కుట్ల దారం తీసుకుని ఉంగరం వేలికి చుట్టుకునేది. చుట్టి చుట్టి, ముడి వేసి, మెల్లగా జారవిడిస్తే దారపు ఉంగరం తయారు. కిటికీ గట్టు మీద వాటిని వరసగా పెట్టేది. “పెళ్ళికొడుకు లేకపోతేనేం పిన్నీ, ఉంగరాలకి లోటు లేదు,” అని నవ్వేది.

ఆ రోజుల్లోనే ఎక్కడో విదేశంలో యువరాజుగారి పెళ్ళి వచ్చింది. దేశాలన్నీ టీవీల ముందు కూర్చున్నాయి. కొట్టు మూసేసి వీళ్ళూ కూర్చున్నారు. గుర్రబ్బగ్గీ ఆగింది. తలుపు తెరుచుకుంది. ముందు గౌను దిగింది, తరవాత పెళ్ళికూతురు దిగింది — పిన్ని ఇప్పటికీ ఇలాగే చెబుతుంది. పాలమీగడ రంగు పట్టు. మణికట్టు దాకా సన్నటి లేసు చేతులు. వీపున మెడ నుంచి నడుం దాకా గుడ్డ చుట్టిన చిట్టి గుండీలు. వెనక మెట్ల పొడుగునా పరుచుకున్న అంచు. మెడ మాత్రం బోసిగా ఉంది.

“రాజుగారింట్లో బంగారం అయిపోయినట్టుంది,” అంది పిన్ని.

“అదే అందం పిన్నీ!” అని యువరాణి కళ్ళు తిప్పకుండా చూస్తూ అంది. “అంత డబ్బుండీ ఏమీ పెట్టుకోలేదు చూడు. అమ్మా... ఆ నడక చూడవే. గౌనుని ఈడ్చుకెళ్ళట్లేదు. అదే ప్రేమగా వెంట వస్తోంది.”

టైలరమ్మ గౌను చూడలేదు. కూతురి మొహం చూసింది. “నీ పెళ్ళికి అచ్చం ఇదే కుడతాను,” అంది.

అన్నట్టే ఆ ఏడాది చివర్లో ఫొటో స్టూడియో అతనితో పెళ్ళి కుదిరింది. ఎవరి పెళ్ళికో ఫొటోలు తీస్తూ, పెళ్ళికూతురి వెనక అంచు సర్దుతున్న ఈ పిల్లనే ఎక్కువ తీశాడట. టైలరమ్మ పట్టు తెప్పించింది. రాత్రిళ్ళు కూర్చుని లేసు అల్లింది. గుండీలన్నీ పిన్ని చుట్టింది. గౌను తొడిగి చూస్తే... యువరాణి ఊపిరి పీల్చింది, గౌనూ పీల్చింది. అంత సరిగ్గా కుదిరింది. అంచు మడత ఒక్కటి మిగిలింది.

ఆ అంచు మడవక ముందే జ్వరం మొదలైంది.

ఆ జబ్బు పేరు పిన్ని ఎప్పుడూ పలకదు. మొదటిసారి ఆస్పత్రి నుంచి వచ్చాక గౌను వదులైంది. టైలరమ్మ గౌను పక్కలు లోపలికి మడిచి పట్టింది. కానీ మిషను వెయ్యలేదు. చేత్తో, నీలం దారంతో కచ్చా కుట్టు వేయించింది. “మళ్ళీ విప్పాల్సిందేగా. పిల్లకి ఒళ్ళు రాగానే విప్పేద్దాం,” అంది. లోపల మిగిలిన గుడ్డ అంగుళం కూడా కత్తిరించనివ్వలేదు.

తరవాత ఇంకోసారి లోపలికి పట్టాల్సి వచ్చింది. ఆ తరవాత మరోసారి. ఒక కుట్టు పక్కన ఇంకో కుట్టు, లోపలికి, ఇంకా లోపలికి... కుట్టింది పిన్నే. కుడుతుంటే సూది వేలికి దిగేది. యువరాణి మాత్రం మంచం మీద కూర్చుని, “యువరాణులు సన్నగానే ఉంటార్లే పిన్నీ,” అని పిన్నినే ఓదార్చేది.

మరుసటి చలికాలం వెళ్ళకముందే పిల్ల వెళ్ళిపోయింది.

ఆ గౌనే తొడిగి పంపుదామని అందరూ అన్నారు. టైలరమ్మ ఒప్పుకోలేదు. “పక్కలు పట్టి చిన్నది చేసిన బట్ట తొడిగి నా కూతుర్ని పంపను. అది దాని కొలత కాదు,” అంది. ఇంట్లో కట్టుకునే మామూలు బట్టల్లోనే పంపించారు. ఫొటో అతను ఆ తరవాత పెళ్ళిళ్ళ ఫొటోలు తియ్యడం మానేశాడు. ఇప్పటికీ పాస్‌పోర్టు ఫొటోలే తీస్తాడట.

మర తిప్పితే లావూ సన్నం అయ్యే బొమ్మొకటి కొట్లో ఉంది. దాన్ని అన్నిటికంటే చిన్న కొలతకి దించి, గౌను తొడిగి, కిటికీలో పెట్టి టైలరమ్మ షట్టరు దించేసింది. ఒక తాళంచెవి తన దగ్గర, ఒకటి ఎప్పట్లాగే పిన్ని దగ్గర. పైన ఇంట్లో కూర్చుంటే మళ్ళీ కిందికి దిగేది కాదు. ఏమన్నా తిందా అని అడిగితే, ఆ తిన్నాలే అనేది. అలా ఎన్నాళ్ళుంటుందోనని పిన్నికి బెంగ.

పిన్ని రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చేరింది. సాయంత్రం షిఫ్టు దిగి ఆ సందు మీదుగానే ఇంటికి వచ్చేది. ఒకరోజు కిటికీ ముందు ఆగిపోయింది. నడుం దగ్గర ఆఖరున వేసిన నీలం కుట్టు... లేదు.

తను వేసిన కుట్టు తనకి తెలియదా? ఎవరో శుభ్రంగా విప్పేశారు.

ఎవరో ఏమిటి, టైలరమ్మే. రాత్రిళ్ళు నిద్రపట్టక దిగివచ్చి, కూతురికి నయమవుతోందని అనుకుంటూ ఒక్కో కుట్టూ విప్పి వదులు చేసుకుంటోంది.  పోనీలే, అక్క దుఃఖం అక్కదనుకుని పిన్ని ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకి రెండో కుట్టూ పోయింది. తరవాత మూడోది. అప్పుడే వాచ్‌మన్ కబుర్లు మొదలయ్యాయి. పిన్ని నవ్వలేదు. ఎందుకంటే ఆవిడ ఇంకొకటి కనిపెట్టింది. కుట్టు విప్పితే సన్నటి బొమ్మ మీద గౌను వేలాడాలి. ఇది వేలాడటం లేదు... నిండుగా ఉంది. లోపల దూది కూరి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది.

ఆ సాయంత్రం వాన. యువరాజుగారి పెళ్ళిరోజని టీవీలో ఆ పాత పెళ్ళే మళ్ళీ వేస్తున్నారు. ఇంటింటి నుంచీ అవే గంటలు, అదే బ్యాండు. పిన్ని మలుపు తిరుగుతుండగా కరెంటు పోయింది. బ్యాండు ఠక్కున ఆగింది. సందంతా చీకటి.

ఒక్క కిటికీలో తప్ప.

అక్కడ వెలుగు కదులుతోంది. ఆ వెలుగులో తెల్లగా ఏదో... పొడుగ్గా లేచి... పక్కకి వాలి... కిందికి జారిపోయింది.

పిన్ని వెనక్కి తిరిగింది. పారిపోదామనే అనుకుందట. కానీ పైన టైలరమ్మ ఒక్కతే ఉందని గుర్తొచ్చింది. తాళం తీసి, షట్టరు మోకాలి ఎత్తుకి లేపి, లోపలికి దూరింది.

“ఎవరూ...?”

“నేనేనే. గట్టిగా అరవకు.”

టైలరమ్మే! చేతిలో కొవ్వొత్తి. కాళ్ళ దగ్గర కుప్పగా తెల్ల దుప్పటి, గౌనుకి దుమ్ము పట్టకుండా కప్పుదామని తెచ్చిందట. విసిరితే నిలవక జారిపోయింది. అంతే! ఇంతసేపూ దుప్పటికి భయపడ్డానా అని పిన్నికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. టైలరమ్మని పట్టుకుని ఏడ్చేసింది.

“అక్కా... ఇంకెన్నాళ్ళిలా? పోయిన పిల్ల కోసం కుట్లు విప్పుకుంటూ కూర్చుంటే నీకు మతిపోతుంది. చాలించక్కా.”

 టైలరమ్మ కొవ్వొత్తి పైకెత్తి పిన్ని మొహంలోకి చూసింది.

“నేను విప్పడమేంటే?” అంది మెల్లగా. “నేను ఈ కొట్లోకి దిగి ఎన్నాళ్ళయింది! రాత్రి వాచ్‌మన్ మాటలు కిటికీలోంచి వినబడి, ఇవాళ దిగాను. చూస్తే అన్నీ విప్పేసి ఉన్నాయి. తాళంచెవి నీ దగ్గరే ఉందిగా... నా మీద జాలితో నువ్వే విప్పుతున్నావనుకున్నాను.”

“నేను... ముట్టుకోలేదక్కా.”

ఇద్దరూ గౌను వైపు తిరిగారు. పిన్ని చెయ్యి చాచి నడుం దగ్గర లోపల తడిమింది. దూది లేదు. బొమ్మ దూరంగా ఎక్కడో సన్నగా తగిలింది. మధ్యలో ఉత్త ఖాళీ... అయినా పట్టు గుడ్డ నొక్కితే లొంగలేదు.

అప్పుడు కొవ్వొత్తి వెలుగు కిటికీ గట్టు మీద పడింది.

గట్టు మీద వరసగా, నీలం దారంతో చుట్టిన ఉంగరాలు.

టైలరమ్మ మొదటిది తీసి అరచేతిలో పెట్టుకుంది. మరీ చిన్నది. ఆఖరి రోజుల్లో ఆ పిల్ల వేలు అలాగే ఉండేది. పక్కది కొంచెం పెద్దది. ఆ పక్కది ఇంకాస్త పెద్దది. చివరిది తన ఉంగరం వేలికి తొడుక్కుని చూసింది. తల్లీకూతుళ్ళ వేళ్ళు ఒక్కటే కొలత. సరిగ్గా సరిపోయింది.

పిన్ని ఒకడుగు వెనక్కి వేసింది. టైలరమ్మ మొహంలో మాత్రం భయం లేదు. పిల్ల పోయాక మొదటిసారి ఆ మొహం విచ్చుకుంది.

“చూశావటే... పిల్లకి ఒళ్ళొచ్చింది,” అంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

కొవ్వొత్తి బల్ల మీద నిలబెట్టి, సొరుగులోంచి గుండుసూదులు తీసి నోట్లో పెట్టుకుంది. నేల మీద కూర్చుంది. మిగిలిపోయిన ఆ అంచు చేతిలోకి తీసుకుంది.

షట్టరు కింది నుంచి వాన గాలి రివ్వున కొడుతోంది. కొవ్వొత్తి రెపరెపలాడుతోంది. గౌను అటూ ఇటూ ఊగుతోంది.

“కదలకే,” అంది టైలరమ్మ, పాత అలవాటుగా.

గాలి కొడుతూనే ఉంది. కొవ్వొత్తి రెపరెపలాడుతూనే ఉంది.

గౌను మాత్రం... ఊగడం ఆపేసింది.