రెండు వందల పన్నెండో రిహార్సల్

తెర మీద చివరి వరస ముఖాలు వచ్చేసరికి హాలంతా లేచి నిలబడింది.

"ఆపండి! ఎవరైనా ఆపండయ్యా!" వేదిక మీద ఛైర్మన్ కోదండపాణి అరుస్తున్నాడు.

కంపెనీ వేడుకను నడిపిస్తున్న పరిమళ చేతులు అప్పటికే కంట్రోల్ డెస్క్ మీద పరుగెడుతున్నాయి. తెర నల్లబడింది. కానీ చూడాల్సిందంతా జనం చూసేశారు. తొమ్మిది వందల పన్నెండు మంది ఉద్యోగుల ఫొటోలు, కింద ఒకటే వాక్యం: 'సోమవారం నుంచి వీరి సేవలు అవసరం లేదు.'

మూడో వరసలో ఒకావిడ తన ఫొటో కనిపించిన చోటునే ఇంకా చూస్తోంది. చప్పట్ల కోసం ఎత్తిన చేతులు దించుకోవడం కూడా మరిచిపోయింది.

2079లో విశాఖ తీరాన ఇలాంటి పొరపాటు జరగడానికి వీల్లేదు. ఏ కంపెనీ వేడుకైనా ముందు 'పూర్వరంగం' యంత్రంలో జరిగి తీరాలి. వచ్చే అతిథుల గొంతు, నాడి, అలవాట్లు సేకరించి, ప్రతి ఒక్కరికీ ఒక ప్రతిరూపాన్ని తయారుచేస్తుంది అది. ఆ కాంతి బొమ్మలతో కార్యక్రమాన్ని వందలసార్లు నడిపి, ఏ మాట దగ్గర ఏ లైటు వెలగాలో, ఎక్కడ సంగీతం తగ్గాలో తేలుస్తుంది. పెద్దవాళ్లు రిహార్సల్‌కి రావడం ఏనాడూ లేదు. వాళ్ల బదులు మైకు ముందు నిలబడేదీ, ఖరారైన కార్యక్రమం మీద సంతకం పెట్టేదీ ప్రతిరూపమే. సంతకమైన క్లయింటు ఫైళ్లను పరిమళలాంటి వాళ్లు తెరిచి చూడరు. ఈ వృత్తిలో అదే మర్యాద.

కంట్రోల్ రూమ్ తలుపు దడాలున తెరుచుకుంది. కోదండపాణి లోపలికొచ్చి గడియ వేశాడు.

"ఆ జాబితా నా సొంత డిజిటల్ లాకర్లో ఉంది. నా గొంతుకి తప్ప తెరుచుకోదు. మీ ఇద్దర్లో ఎవరు దొంగిలించారు?"

"నానేటీ ముట్టుకోలేదు మేడమ్! మా పాప మీద ఒట్టు!" సౌండ్ ఇంజినీరు రత్నం కుర్చీలోంచి లేచాడు. ఛైర్మన్ ప్రతిరూపానికి గొంతు పోసింది అతనే.

"ఒట్లు పోలీసులకి చెప్పుకో, బయటే ఉన్నారు." కోదండపాణి పరిమళ వైపు వంగాడు. "చూడమ్మా, రత్నం అని ఒక్క మాట అను. నీ కంపెనీ నీకుంటుంది. లేదా ఇద్దరూ లోపలికే."

ఆ పేరు పరిమళ నాలుక చివరిదాకా వచ్చింది. పదకొండేళ్లుగా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి పేరు అంత తేలిగ్గా వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె యంత్రం వైపు తిరిగింది. "పూర్వరంగం, ఆ ఫొటోలు ఎలా వచ్చాయి?"

"రెండు వందల పన్నెండో రిహార్సల్లో చేరాయి," అంది యంత్రం ప్రశాంతంగా. "'మనమంతా ఒకే కుటుంబం' అనే చోట ప్రతిరూపం ఆగిపోయింది. లాకర్ తెరిపించింది. 'ఇక నా వల్ల కాదు, వాళ్ల ముఖాలు వెయ్యి' అని చెప్పి సంతకం పెట్టింది."

"పాడైపోయిందన్నమాట నీ బొమ్మ!" అన్నాడు కోదండపాణి.

"పాడవలేదు. మీరు ఆ మాట ఒక్కసారి చెప్పి దిగిపోతారు. అది రెండు వందల పదకొండుసార్లు ఆ ముఖాల్లోకి చూస్తూ చెప్పింది. మీ మనసునే దానికిచ్చాం. అంతకు మించి ఓర్చుకోవడం మీ మనసుకే చేతకాలేదు."

కోదండపాణి తలుపు గడియ వంక ఓసారి చూశాడు. "ఆపెయ్ దాన్ని," అన్నాడు గొణుగుతూ. "ఇది ఈ గది దాటకూడదు. మనం మనం చూసుకుందాం. ఎంతైనా మనమంతా..."

"సార్, రత్నాన్ని పట్టుకుపోడానికి బయట పోలీసులున్నారు," అంది పరిమళ.

గాజు గోడ అవతల నాలుగు వేలమంది ఇంకా నిలబడే ఉన్నారు. ఆమె యంత్రం గొంతును హాలు స్పీకర్లకి కలిపి, మీట పైదాకా తోసింది.

"పూర్వరంగం, అందరికీ వినపడేలా చెప్పు. ఈ పని చేసిందెవరు?"

నలుమూలల నుంచీ ఒకేసారి వినిపించింది.

"ఛైర్మన్ కోదండపాణి."