కంచు గుడ్లగూబను పగలగొట్టిన మాట

పూర్వం యవన దేశంలో, సముద్రపు ఒడ్డున, అర్గేనా అనే నగరం ఉండేది. ఆ నగరానికి రాజు లేడు. ప్రజలంతా అగోరా అనే సంతమైదానంలో కూడి, ఏ సంగతైనా అక్కడే తేల్చుకునేవారు. ఎవడైనా మరీ బలిసి, నగరాన్నే మింగేసేలా కనిపిస్తే వాణ్ణి వదిలించుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. ఏడాదికొకసారి అందరూ పగిలిన కుండపెంకు మీద ఒక పేరు గీసి గంపలో వేసేవారు. ఆ పెంకును ఆస్ట్రకాన్ అనేవారు. ఎవరి పేరు ఎక్కువగా వస్తే వారు పదేళ్లు ఊరు విడిచిపోవాలి.

మంచి కోసం పెట్టుకున్న ఆ పద్ధతి థ్రాసో చేతిలో పడింది. థ్రాసో టైరెంటు. అంటే, ఎవరూ ఇవ్వని అధికారాన్ని తానే లాక్కుని కూర్చున్నవాడు. వాడు ఒక కంచు గుడ్లగూబను పోతపోయించి అగోరా నడుమ స్తంభం మీద నిలబెట్టాడు. పెంకుల రోజున అది ఒక పేరు కూసేది. ఆ కూత వింటే చెయ్యి దానంతటదే ఆ పేరు గీసేస్తుందని, అది మంత్రమని, తామేం చేయలేమని జనం చెప్పుకునేవారు.

తెరచాపలు కుట్టే క్లియోనా మాత్రం గీయలేదు. ఖాళీ పెంకును గంపలో వేసి, "నా చెయ్యి నా మాటే వింటోంది. మీ చేతులకేమైంది?" అని అడిగింది.

మరుసటి ఏడు గుడ్లగూబ ఆమె పేరే కూసింది.

క్లియోనా కూతురు మెలిత కోటగుమ్మం దాకా అమ్మ వెంట నడిచింది. దారికి రొట్టెలు సరిపోతాయో లేదో, చెప్పుల పట్టీ తెగుతుందేమో అని చూసుకుంటూ నడిచింది. చెప్పాలనుకున్న మాటలు చెప్పకముందే తలుపులు మూసుకున్నాయి. వెనక్కి తిరిగితే అగోరాలో పెంకులు కుప్పగా పడి ఉన్నాయి. వాటిలో ఒకదానికి కలువపూల అంచు ఉంది. అది పక్కింటి ఫిలినా నూనెకూజా ముక్క. ఆ కూజాలోని ఆలివ్ నూనెతోనే ఫిలినా మెలితకు తల అంటేది.

"అత్తా, ఇది నీదేనా?"

"నేనేం చేయనే తల్లీ. ఆ పూట చెయ్యి నాది కాదు."

"రొట్టె విరిచేటప్పుడు మాత్రం నీదే అవుతుందా?"

మెలిత ఆ పెంకును నడుముకు కట్టుకుని, అమ్మను వెతుక్కుంటూ పడమటి అడవిలోకి వెళ్లిపోయింది. కోపమే ఆమెకు తోడు.

అడవిలో ఎన్నడో రోమనులు వేసి వదిలేసిన రాతిబాట ఉంది. దాని కొసన వంతెన, వంతెన మీద రాతి తోడేలు. మెలిత అడుగు పెట్టబోగానే తోడేలు "వీటో" అంది. ఆమె కాలు గాలిలోనే ఆగిపోయింది. మెలిత రాయి తీసి విసిరింది, నోటికొచ్చినట్టు తిట్టింది.

"వంతెన కమాను బీటలు వారిందే పిల్లా. అడుగు పెడితే నదిలో పడతావు" అంది తోడేలు. "తిట్టడం అయిపోతే పక్కనున్న రేవులో దిగి నడిచి పో."

మెలితకు సిగ్గేసింది. ఆ మాట ఏమిటని అడిగింది. రోములో పేదల తరఫున నిలబడేవాణ్ణి ట్రిబ్యూన్ అనేవారని తోడేలు చెప్పింది. పెద్దలందరూ ఒక్కటై అన్యాయానికి దిగినా, ఆయన ఎదురు నిలిచి "వీటో" అన్నాడంటే ఆగాల్సిందేనట. ఆ మాటకు "నేను ఒప్పుకోను" అని అర్థం.

"ఆ మాట నాకివ్వు."

"తీసుకో. కానీ నీ కోసమో, నీ వాళ్ల కోసమో అంటే అది పలకదు. పైగా, దాన్ని తీసుకున్నవాళ్ల ఇంటి తలుపు రాత్రీ పగలూ మూయకూడదు. సాయం కోరి ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదు కదా."

"మా అమ్మకు పనికిరాని మాట నాకెందుకు?" అని విసుక్కుంటూనే తీసుకుంది మెలిత.

నది దాటితే ఇనుప నైటు కోట వచ్చింది. నైటు అంటే పడమటి దేశాల వీరయోధుడు. తల నుంచి కాలి దాకా ఇనుప కవచం తొడిగిన రాక్షసుడు వాడు. ఊళ్లు వెళ్లగొట్టినవాళ్లను పట్టి సెర్ఫులుగా చేసుకునేవాడు. సెర్ఫు అంటే నేలకు కట్టుబడిన మనిషి. అక్కడ నిజంగానే వాళ్ల పాదాలు వేళ్లై నేలలోకి దిగిపోయాయి. గోధుమ చేలో, అలా నాటుకుపోయి, క్లియోనా నిలబడి ఉంది.

"మోకాళ్ల మీద కూర్చో. జోడించిన చేతులు నా చేతుల్లో పెట్టి, నీ మనిషినని చెప్పు. నా వాసల్‌వి, అంటే నా సామంతురాలివి అవుతావు. ఈ చేను నీదే, ఇందులోని నీ అమ్మా నీదే" అన్నాడు నైటు.

మెలిత "వీటో" అని అరిచింది. ఏమీ కాలేదు. వాడు పడీపడీ నవ్వి, పని ఆపి చూస్తున్న ఒక ముసలాయన మీద కొరడా ఎత్తాడు. ఆయనెవరో మెలితకు తెలియదు. ఒళ్లు మండిపోయి, ఆలోచించకుండా అడ్డం దూకింది. "వీటో."

కొరడా ఆగిపోయింది. కవచం విడిపోయి ముక్కలుగా కూలింది. చేనంతా పాదాలు నేల వదిలాయి. తల్లి మెలితను పొదువుకుని, ఎంత చిక్కిపోయావే అంటూ చేతులు తడిమి చూసింది.

అందరూ కలిసి అర్గేనాకు చేరేసరికి పెంకుల రోజు. గుడ్లగూబ కూసింది.

"ఫిలినా."

జనం ఆమె చుట్టూ ఖాళీ చేసి జరిగారు. ఫిలినా తన చేతుల వంకే చూసుకుంటూ ఒంటరిగా నిలబడింది. ఇప్పుడు తెలుస్తుందిలే అనుకుంది మెలిత. నడుముకున్న పెంకు గుచ్చుకుంది. అయినా ఆమె కాళ్లు కదిలాయి. వెళ్లి ఫిలినాకు అడ్డంగా నిలబడింది.

"నా భుజం మీద పడి ఏడవకు. నీ మీద కోపం పోలేదు" అని చెప్పి, తలెత్తి "వీటో" అంది.

గుడ్లగూబ నిలువునా పగిలింది. లోపల చేతుల్ని ఆడించే మంత్రమూ లేదు, యంత్రమూ లేదు, ఉత్త గాలి. అగోరాలో ప్రతివాళ్లూ తమ చేతులు చూసుకుని తలలు దించుకున్నారు. ఆ తరువాత వంగి పెంకులు ఏరుకున్నారు. ఆనాడు గంప నిండా ఒకటే పేరు. థ్రాసో ఆ కోటగుమ్మంలోంచే నడిచి వెళ్లాడు.

నగరం మెలితను తన మొదటి ట్రిబ్యూన్‌గా ఎన్నుకుంది. తల్లీకూతుళ్లు ఇంటి తలుపు ఊడదీసి పక్కన పెట్టారు. ఆ ఇంట్లో ఇక ఏ తలుపూ ఎవరినీ విడదీయలేదు.

ఫిలినా కొత్త కూజాతో రోజూ వచ్చి గడప దగ్గర నిలబడేది. మెలిత రమ్మనేది కాదు, పొమ్మనేది కాదు. ఒక సాయంత్రం పీటను కాలితో జరిపి, దానికి వీపు తిప్పి నేల మీద కూర్చుని జడ విప్పుకుంది.

"ఇంకా కోపమే" అంది.

"తెలుసే తల్లీ" అంటూ ఫిలినా పీట మీద కూర్చుని నూనె అరచేతిలో ఒంపుకుంది.