గీత దాకా నీళ్ళు

కవిటి నుంచి సముద్రం వైపు రెండు కిలోమీటర్లు వస్తే కొబ్బరి తోటల మధ్య మా ఇల్లు. నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల బరువులు, ఎత్తులు రిజిస్టరులో ఎక్కించి ఎక్కించి అదే బుద్ధి ఇంట్లోనూ పట్టుకుంది. పప్పుల డబ్బాల మీద పేర్లు రాసి అంటించాను. చెప్పుల స్టాండు మీద కూడా పేర్లు అంటిస్తే మా ఆయన ధనుంజయ్ ఊరుకోలేదు. "నా నుదుటి మీద కూడా ఓటి అంటించెయ్యే. తప్పిపోతే ఎవలైనా తెచ్చి నీకిచ్చెత్తారు," అన్నాడు.

ఇంటినంతా సర్దేశాను గానీ ఒక్క గది మాత్రం అలాగే ఉండిపోయింది. మా అత్త గది. ఆవిడ పేరు అప్పలనరసమ్మ, మా నాన్నకి స్వయానా అక్క. నన్ను కోడలిగా తెచ్చుకోవాలని నేను పుట్టినప్పుడే అనుకుందట. మే నెలలో పోయింది. రెండు నెలలైనా ఆ తలుపు తీయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇంట్లో అక్కర్లేనివి తీసేస్తే మనసు తేలికవుతుందని ఫోనులో ఒకావిడ రోజూ చెబుతుంది. ఒక రోజుకి ఒక గది చాలట. ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి అని మూడు కుప్పలు పెట్టాలట. నాకు ఆ తేలిక కావాలి. చాలా కావాలి. ఎందుకో ముందే చెప్పేస్తాను, దాచి లాభం లేదు.

అత్తకి మూడేళ్ళు డయాలసిస్ చేయించాం. మా ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అందులో సూదుల కంటే, మందుల కంటే బాధపెట్టేది దాహం. రోజుకి అర లీటరు మించి నీళ్ళు తాగకూడదన్నారు. నేను ఒక చిన్న స్టీలు గ్లాసు తీసుకుని, వంద మిల్లీలు కొలిచి, అక్కడ ఎర్ర గోళ్ళరంగుతో గీత గీశాను. ఆ గీత దాకా రోజుకి ఐదుసార్లు. మా వైపు జబ్బు మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ బిందెలకి కాపలా ఉంటుంది. పాపం, వాళ్ళు స్నానం నీళ్ళు తాగేస్తారు, దేవుడి దగ్గర చెంబు ఎత్తేస్తారు, ఎన్ని అబద్ధాలైనా ఆడతారు. అందుకే వాళ్ళ మాట ఎవరం నమ్మం. నేను నీళ్ళ టిన్ను వంటింట్లో పెట్టి తాళం వేసేదాన్ని. డయాలసిస్ సెంటర్లో అందరూ "మీ కోడలు బాగా చూసుకుంటుందమ్మా" అంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది.

ఏప్రిల్లో ఒకరోజు అత్త గోవిందు ఆటోలో సెంటరు నుంచి వచ్చి, దిగుతూనే మొహం వెలిగిపోతూ చెప్పింది.

"గుంటా! ఎండలు కదా, ఇంకో మూడు గళాసులు తాగొచ్చని డాక్టరుబాబు సెప్పినాడే."

నేను నవ్వాను. "ఈ సారి డాక్టరు మీదకి తోసేసినావా దొంగత్తా," అన్నాను.

"నానేటి అబద్దం ఆడతన్నానేటి? నా కొడుకు మీద ఒట్టు."

కొడుకు మీద ఒట్టేసినా నమ్మలేదు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మే నెలలో ఆ రోజు మధ్యాహ్నం కరెంటు లేదు. ధనుంజయ్ సోంపేటలో కొబ్బరి లోడు దగ్గర ఉన్నాడు. ఎండ మండిపోతుంటే ఐదో గ్లాసు పన్నెండుకే అయిపోయింది. రెండింటికి మళ్ళీ అడిగింది. "ఒక్క సుక్క ఇయ్యే అమ్మా. గొంతుకి అడ్డం పడతంది," అంది. నేను ఇవ్వలేదు. పక్కకి తిరిగి బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను. అరగంటకి చూస్తే అత్తకి ప్రాణం లేదు.

ధనుంజయ్ వచ్చి ఏడుస్తూ, "ఆఖర్న ఏటైనా అడిగిందా?" అన్నాడు. "ఏటీ అడగనేదు బావా. నిద్దట్లోనే ఎలిపోయింది," అన్నాను. ఆ రోజు నుంచి ఆ అబద్ధం నాతోపాటే తింటోంది, నాతోపాటే పడుకుంటోంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మనిషి పోయిన చోట పదో రోజు దాకా దీపం పెట్టి, పక్కన నీళ్ళుంచుతాం కదా. ఆ నీళ్ళు పెట్టింది నేనే. నాలుగో రోజున పక్కింటి నూకాలమ్మ చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"బతికున్నప్పుడంటే జబ్బు. ఇప్పుడు కూడా కొలతేటే సుప్రజా?"

అప్పుడు చూశాను. నేను ఆ చిన్న గ్లాసులోనే, సరిగ్గా గీత దాకానే పోస్తున్నాను. చేతికి అలవాటైపోయింది. రోజూ తెల్లారేసరికి గ్లాసు అడుగంటా ఎండిపోయి ఉండేది. తాగుతోందిలే, మంచిదే అన్నారందరూ.

ఇక మొన్న ఆదివారం సంగతి. ధనుంజయ్ లోడు ఉందని పొద్దున్నే వెళ్ళాడు. మా అమ్మాయి టెక్కలి హాస్టల్లో ఉంది. కొంగు బిగించి అత్త గది తలుపు తీశాను. మందుల వాసన, నిమ్మతొక్కల వాసన. దాహం ఆపుకోవడానికి ఆవిడ నిమ్మతొక్కలు నములుతుండేది.

మధ్యాహ్నానికల్లా మూడు కుప్పలూ తయారయ్యాయి. చీరల పెట్టె తీస్తే రెండు నేత చీరల మధ్య ఏదో గట్టిగా తగిలింది. టానిక్కు సీసా. నిండా నీళ్ళు. ఇంకో చీరలో ఇంకోటి. దిండు గలీబులో ఒకటి, పాత స్వెట్టరు చేతిలో ఒకటి. మొత్తం తొమ్మిది. అన్నీ నిండుగా, మూతలు బిగించి ఉన్నాయి. ఎప్పుడు దొంగిలించిందో, ఎలా నింపిందో! ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒక ఆలోచన తట్టి నవ్వు ఆగిపోయింది. ఒక్కటి కూడా తాగలేదు. చేతికందే దూరంలో తొమ్మిది సీసాలు పెట్టుకుని కూడా నన్నే అడిగింది.

సీసాలన్నీ కిటికీ గట్టు మీద వరసగా పెట్టాను. పారబోయడానికి మనసొప్పలేదు. వాటిని ఏ కుప్పలో వెయ్యాలో ఫోనులో ఆవిడ చెప్పలేదు.

సాయంత్రం ఐదున్నరకి మబ్బు కమ్మింది. కొబ్బరాకులు గలగలలాడాయి. కరెంటు పోయింది. ఇక మిగిలింది ఆసుపత్రి ఫైలు ఒక్కటే. అదీ నేను తయారుచేసిందే. తేదీల వారీగా, చిల్లులు పొడిచి, రంగు కాగితాలు అంటించి ఎంతో ముద్దుగా ఉంటుంది. పారేసేముందు ఒకసారి తిరగేద్దామని ఫోను లైటు వేసుకుని అత్త మంచం మీద కూర్చున్నాను.

ఏప్రిల్ పదకొండు. బీపీ, బరువు, రక్తం. కింద డాక్టరు చేతిరాత. ఎండాకాలం గనుక నీళ్ళు ఎనిమిది వందల మిల్లీల వరకు ఇవ్వవచ్చు.

మళ్ళీ చదివాను. ఎనిమిది వందలు. ఐదుకి మూడు కలిపితే ఎనిమిది. ఇంకో మూడు గళాసులు.

ఆ చీటీకి చిల్లులు పొడిచింది నేనే. తేదీ చూసి ఫైల్లో పెట్టింది నేనే. కింద ఏం రాసి ఉందో మాత్రం చదవలేదు. అత్త నిజమే చెప్పింది. నెల రోజులకి పైగా, రోజుకి మూడు గ్లాసుల చొప్పున ఆవిడ నీళ్ళు ఆవిడకి ఇవ్వకుండా దాచేశాను. దొంగ అని పేరు మాత్రం ఆవిడకి పెట్టాను. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

అప్పుడు వినబడింది.

గుటక్.

వాన చినుకేమో అనుకున్నాను. వాన ఇంకా మొదలవలేదు.

గుటక్... గుటక్...

ఎవరో నీళ్ళు మింగుతున్న చప్పుడు. ఎండిపోయిన గొంతులోంచి, కష్టంగా. ఫోను లైటు కిటికీ వైపు తిప్పాను. మొదటి సీసా ఖాళీగా ఉంది. మూత బిగించినట్టే ఉంది. గట్టు మీద తడి లేదు.

చూస్తుండగానే రెండోది. నీళ్ళు నెమ్మదిగా దిగిపోయాయి. ఆ తర్వాత మూడోది. నేను కదల్లేకపోయాను. తొమ్మిదో సీసా అయ్యేసరికి గదిలో నిమ్మతొక్కల వాసన ఎక్కువైంది. ఎవరో పక్కనే నోరు తెరిచినట్టు...

"ఇంకో సుక్క..."

చెవి దగ్గరే. ఊపిరి అంత మెల్లగా.

నేను పారిపోలేదు. భయం లేక కాదు. కానీ ఒకసారి పక్కకి తిరిగిన దాన్ని, రెండోసారి ఎలా తిరుగుతాను? వంటింట్లోకి పరిగెత్తి చిన్న గ్లాసు తెచ్చాను. ఇరవై లీటర్ల టిన్ను ఈడ్చుకొచ్చాను. గీత దాటించి, అంచు దాకా పోసి మంచం మీదికి చాపాను.

"తాగు అత్తా."

చేతిలో గ్లాసు తేలికైపోయింది.

మళ్ళీ పోశాను. మళ్ళీ తేలికైంది. చెంబుతో పోశాను. గిన్నెతో పోశాను. గుటక్... గుటక్... ఎక్కడా ఆగలేదు. "తాగు అత్తా, కోటా లేదు, తాగు," అంటూ పోస్తూనే ఉన్నాను. మంచం తడవలేదు. నేల తడవలేదు. చివరికి టిన్ను వంచితే చుక్క రాలేదు.

"ఇంక నేవు అత్తా," అన్నాను. "అయిపోయాయి."

చప్పుడు ఆగింది. బయట వాన ఒక్కసారిగా మొదలైంది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఏడింటికి బండి చప్పుడు వినిపించింది. ధనుంజయ్ తడిసి ముద్దై వచ్చి, గది గుమ్మంలో నిలబడ్డాడు. ఖాళీ టిన్ను చూశాడు, సీసాలు చూశాడు, నన్ను చూశాడు. ఇక నావల్ల కాలేదు. లేచి వెళ్ళి ఎనిమిది వందల చీటీ ఆయన చేతిలో పెట్టేశాను.

"బావా, మీయమ్మ నిద్దట్లో ఎల్లనేదు. నీళ్ళడిగింది. నాను ఇయ్యనేదు. డాక్టరు ఇమ్మన్నాడని ముందే సెప్పింది, నమ్మనేదు. నీకు అబద్దం ఆడినాను."

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆయన చీటీ చదవను కూడా లేదు. తడవకుండా మడిచి కిటికీ గట్టు మీద పెట్టి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు.

"తెలుసులే," అన్నాడు.

"ఏటి తెలుసు?"

"రేపిత్తాను అత్తా అన్నావు. తడిగుడ్డతో మూతి తుడిసినావు. ఆ గుడ్డ మంచం కమ్మీకి ఆరేసి, అటు తిరిగి బట్టలు మడతెట్టుకున్నావు. నీ కళ్ళమ్మట నీళ్ళు కారతన్నాయి గానీ ఇటు సూడనేదు."

తడిగుడ్డ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మీకు కూడా చెప్పలేదు. ఆ గదిలో ఆ మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. అందులో ఒకరు అరగంటకే పోయారు.

"ఎవలు సెప్పినారు బావా?"

ఆయన నా భుజం మీదుగా, నా వెనక, కాస్త కిందికి చూస్తున్నాడు. ఇరుకు గుమ్మంలో పెద్దవాళ్ళు ఎదురైతే తప్పుకుంటామే, అలా పక్కకి ఒత్తిగిల్లి, పొట్ట లోపలికి పీల్చి, దారి ఇచ్చాడు.

"నెమ్మదిగా," అన్నాడు గొంతు తగ్గించి. "మెట్టు తడిగా ఉందమ్మా."