మాత్రలు మింగించే మనిషి

"నోరు తెరువు."

"తెరిస్తే ఏటిత్తావు? లడ్డూయా?"

"నాలిక కింద దాసిన మాత్రుంది కదా, అది మింగిత్తాను."

రత్నకి ఒళ్ళు మండింది. దేవీప్రసాద్ మొహం మీదికే నాలుక చాపి, దాచిన మాత్రని చూపించి మరీ మింగింది. గుమ్మలక్ష్మీపురం సంత వీధిలో వాళ్ళ మొదటి మాటలివే. 2004, జూన్ నెల.

రత్న బస్టాండు దగ్గర టీ హోటలు నడిపే తాతారావు కూతురు. ఆమెకి క్షయ. సంగతి బయటపడితే టీ తాగేవాడుండడు, పిల్లనడిగేవాడుండడని ఇంట్లో వణుకు. సర్కారు అప్పుడే కొత్త పద్ధతి తెచ్చింది. వారానికి మూడు రోజులు రోగి పరాయి మనిషి కళ్ళెదుట మాత్రలు మింగాలి. ఇంటివాళ్ళు పనికిరారు. వాళ్ళు జాలిపడి మానిపిస్తారట, పరువుకని దాస్తారట. నిజమే, దాస్తారు. బజారంతా కొట్లే, కానీ సర్కారిచ్చే ఆ మందుల డబ్బా కొట్లో పెట్టుకుంటానన్నవాడు కిరాణా కొట్టు దేవీప్రసాద్ ఒక్కడే.

సోమ, బుధ, శుక్ర. మిగతా నాలుగు రోజులు వారంలో ఎందుకున్నాయో అతనికి అర్థం కాకుండా పోయింది.

"ఏడు మాత్రలకి ఏడు బెల్లం ముక్కలియ్యాల," అనేది రత్న.

"కొట్టు మునిగిపోద్దే గుంటా."

"మునిగితే నానొచ్చి నడుపుతాను," అని వానకేసి తిరిగిపోయింది ఒకరోజు. అతను తూకంలో పప్పు బదులు పంచదార పోశాడు.

నాలుగో వారం యూనివర్సిటీ నుంచి సౌజన్య అనే రీసెర్చ్ అమ్మాయి వచ్చింది. రోగమొస్తే కుటుంబం ఏమవుతుంది, కొత్త పద్ధతి పనిచేస్తోందా అన్నది ఆమె చదువు. ఫారం తీసింది.

"పేషెంటుకి మీరేమవుతారు?"

ఏమైనా అవుతానంటే డబ్బా పోతుంది. పోతే రత్నకి ఇంకెవడిస్తాడు?

"ఏటీ అవను మేడమ్."

"పర్సనల్‌గా కూడా?"

"ఆ గుంటతో నాకేటి సమ్మందం? మందు మింగిత్తాను, అంతే."

గుమ్మంలో గొడుగు ముడుస్తూ రత్న నిలబడి ఉంది.

బుధవారం రాలేదు. శుక్రవారం రాలేదు. హోటలుకెళ్ళి అడిగితే తాతారావు కళ్ళెర్రజేశాడు.

"మా పిల్లకి జబ్బేటి? దగ్గు తగ్గిపోనాది. రాజవొమ్మంగి మేనత్తింటికెల్లింది."

అతను రెండు బస్సులు మారి అక్కడికీ వెళ్ళాడు. మేనత్త తలుపు కూడా తియ్యలేదు.

రత్న సెప్టెంబరులో తిరిగొచ్చింది. దగ్గితే నెత్తురు. పెరట్లో పాక, వేరే కంచం. తల్లి అచ్చియమ్మ అడ్డంపడుతున్నా దేవీప్రసాద్ లోపలికి దూరాడు.

"నీకు నాతో ఏటి సమ్మందం? ఎల్లిపో."

"ఉందంటే డబ్బా లాగేసుకుంటారే! అందుకని అబద్దమాడేను. నువ్వు కాకపోతే నాకెవులున్నారు?"

"ఆ మాట ముందు నాకు సెప్పొచ్చు కదా."

"సిగ్గేసింది."

రత్న నవ్వబోయి దగ్గింది.

"నీకు సిగ్గు, నాకు కోపం, మాయమ్మకి పరువు. మద్దిన పురుగు మాత్రం సుబ్బరంగా తిని బలిసిపోనాది."

"సచ్చిపోయే పిల్లని ఏటి సేసుకుంటావు బాబూ?" అంది అచ్చియమ్మ.

"బతికించుకుని సేసుకుంటాను."

అచ్చియమ్మ గుమ్మంలోంచి పక్కకి జరిగింది. ఆ ఇంటి దీవెన అంతకుమించి లేదు.

పార్వతీపురంలో డాక్టరు మెత్తగా మాట్లాడలేదు. సగంలో ఆపేశారు కాబట్టి మళ్ళీ మొదటి నుంచి, ఎనిమిది నెలలు, సూదిమందు కూడా. తగ్గుతుందని మాటివ్వలేనన్నాడు. ఫారంలో పేషెంటుకి ఏమవుతారన్నచోట 'కాబోయే భర్త' అని దేవీప్రసాద్ తనే రాశాడు. డబ్బా పోయింది. కొట్టు కొట్టుకీ వెళ్ళి బతిమాలాడు. పెట్టుకుంటామన్నవాడు లేడు. రోజూ తాతారావు టీ తాగిన నోళ్ళే అవి!

ఇక దారి ఒక్కటే. వారానికి మూడుసార్లు కొండ దిగి పార్వతీపురం ఆసుపత్రికి.

మొదటి సోమవారం వాన. బస్సులో కిటికీ రేకు కారుతుంటే తువ్వాలు అడ్డం పెట్టాడు. తిరిగొచ్చి సంత వీధిలో దిగేసరికి రత్న అడుగు వెయ్యలేకపోయింది. ఎత్తుకున్నాడు. బరువే లేదు.

"దింపు. బజారంతా సూత్తన్నాది," అంది.

"సూడనీ," అని నడిచాడు.