గేటు మేడమ్ ఒప్పుకున్న ప్యాకేజీ

"మీ ప్యాకేజీని వెనక్కి పంపేశాను," అందామె, తలైనా ఎత్తకుండా.

అతను ఆ ఆఫీసులో కొత్త. ఆస్పత్రుల్లో మంచాల పక్కన ఉండే తెరల కోసం వాళ్లు సొంతంగా ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసుకున్నారు. అందులోకి ఏ కొత్త సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ రావాలన్నా ఆమె సరేననాలి. అందుకే చాటుగా అందరూ ఆమెను గేటు మేడమ్ అనేవారు.

"కంటి ఆపరేషన్ అయినవాళ్లకి పుస్తకాలు చదివి వినిపిస్తుందండీ. అందులో తప్పేముంది?"

"దాంట్లో తప్పు లేదు. అది వెంటేసుకొచ్చిన చుట్టాలతోనే గొడవ." ఆమె తన స్క్రీన్‌ను అతని వైపు తిప్పింది. "ఇది నడవాలంటే ఇంకో డజను ప్యాకేజీలు కావాలట. వాటిలో ఒకదానికి డిజిటల్ సంతకమే లేదు. మధ్యలో ఎవరు చెయ్యి పెట్టారో తెలీదు. అదే తెర మీద మందుల వేళలు కూడా వస్తాయి. ఆ మంచం మీద మీవాళ్లుంటే ఒప్పుకుంటారా?"

అతనికి ఒళ్లు మండింది. ఆమె చెప్పింది నిజమేనని తెలిసి ఇంకా మండింది.

మర్నాటి నుంచి టెస్ట్ మెషీన్ ముందు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దానికి నెట్ కనెక్షన్ లేదు. సోర్స్ కోడ్ నుంచి ప్యాకేజీని మళ్లీ తయారుచేస్తూ, అక్కర్లేని చుట్టాలను ఒక్కొక్కరినే సాగనంపారు. సంతకం లేనిదాని బదులు నమ్మకమైనది వెతికిపెట్టారు.

"ఎక్కించడం ఎవరైనా చేస్తారు," అనేది ఆమె. "తేడా వస్తే వెంటనే పాతదానికి వెళ్లగలమా? అది చూడండి."

ఒక సాయంత్రం వాన మొదలైతే కిటికీ మూయడానికి లేచి, ఆమె అక్కడే నిలబడిపోయింది. తుంపర చెంప మీద పడుతున్నా పట్టించుకోలేదు. చూపు అటే పోతుంటే, అతను కోడ్‌లో చదివిన వరుసే మళ్లీ మళ్లీ చదివాడు.

"ఎర్రర్ వచ్చిందా?"

"లేదండీ. అంతా బాగానే ఉంది."

ఏమీ బాగా లేదు. ఆ మాటే చెబుదామనుకునేలోపు ఆమె వేరే ఊరి ఆఫీసుకు బదిలీ అడిగి వెళ్లిపోయింది. అమ్మకు ఒంట్లో బాగాలేదని మాత్రమే చెప్పింది.

ఆఫీసు బోసిపోయింది. తెలిసిన విషయాలకే సందేహాలు పుట్టించి అతను మెయిల్ పెట్టేవాడు.

"సంతకం సరిచూశారా?" అని జవాబు.

"చూశానండీ."

"మంచిది."

ఆ ఒక్క మాట పట్టుకుని రోజంతా గడిపేవాడు. మీరెలా ఉన్నారని రాసేవాడు, చెరిపేసేవాడు.

చివరికి ప్యాకేజీ పరీక్షలన్నీ దాటింది. ముందు ఒకే ఆస్పత్రిలో, ఒకే వార్డులో పెట్టి చూడాలన్నారు. ఆ ఆస్పత్రి ఆమె ఉన్న ఊళ్లోనే ఉంది. ఎవరు వెళ్తారని మేనేజరు అడగడం పూర్తికాకముందే అతను లేచి నిలబడ్డాడు.

వార్డులో, ఒక మంచం పక్కన ఆమె కనిపించింది. కాస్త చిక్కింది. మంచం మీద ఆమె తల్లి, కంటి ఆపరేషన్ అయి, కళ్లకు కట్టుతో. అతన్ని చూసి ఆమె కుర్చీలోంచి లేచింది. అతను తలూపి, మంచం పక్కనున్న తెరలోకి ప్యాకేజీని చప్పుడు లేకుండా ఎక్కించాడు. తెర కథ చదవడం మొదలుపెట్టింది. నర్సు వెంట ఎవరో వచ్చి వెళ్లిపోయారనుకుంది పెద్దావిడ.

"ఏమే, నువ్వు రోజూ చెప్పే ఆ అబ్బాయి చేసింది ఇదేనా?"

"అమ్మా, కాసేపు ఊరుకో."

"ఎందుకూరుకోవాలి? అతని మెయిల్ వస్తే నాకు మాత్రలివ్వడం కూడా మర్చిపోతావు. జవాబేమో రెండు ముక్కలు రాస్తావు. పాపం, అతనికెలా తెలుస్తుందే?"

"ఇప్పుడు తెలిసిందండీ," అన్నాడతను.

పెద్దావిడ ఉలిక్కిపడింది. "ఎవరు బాబూ?"

"ఆ అబ్బాయినే."

ఆమె సిగ్గుతో కిటికీ వైపు తిరిగింది. అతను దగ్గరికి వెళ్లాడు.

"ఎన్నోసార్లు రాసి చెరిపేశాను. మీరు లేకుండా నాకు పొద్దు పోవట్లేదండీ. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"మెయిల్ కోసం ఎదురుచూసి చూసి నాకూ విసుగొచ్చింది," అందామె మెల్లగా.

"అంటే?"

"అంటే, అమ్మ పక్కన కూర్చోండి. మిమ్మల్ని అడగాల్సినవి ఆవిడకి చాలా ఉంటాయి."

పెద్దావిడ అప్పటికే తడుముకుంటూ దిండుకు ఆనుకుని కూర్చుంది.

"ఆ కథ ఆపవే," అంది కూతురితో. "అది తర్వాత వింటాను. ముందు ఇతన్ని చెప్పనీ."