అలమరలో మిగిలిన అచ్చు

నాకు నోటి దురుసు ఎక్కువ. ఇది ఇంకొకరు చెప్పక్కర్లేదు, నేనే ఒప్పుకుంటున్నాను. జరిగినదంతా ఆ నోటి వల్లే జరిగింది.

నేను కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేస్తాను. మందుల షాపు మేడ మీద రెండు గదులు. ఓనరు కాక పనివాళ్ళం ఇద్దరమే, నేనూ, ఇంకో పెద్దావిడా. డాక్టర్లు మనుషుల నోటి అచ్చులు పంపిస్తారు. పెద్దావిడ వాటిలో ప్లాస్టర్ పోసి దవడ బొమ్మలు తీసేది. నేను ఆ బొమ్మ మీద మైనం పెట్టి, అందులో ఒక్కో పన్నూ గుచ్చి వరస కడతాను. గదినిండా తెల్లటి దుమ్ము, కాలిన మైనం వాసన, అలమర నిండా దవడలు. కొత్తలో వాటిని చూస్తే ఒళ్ళు జలదరించేది. తర్వాత వంటింట్లో గిన్నెల్లా అలవాటైపోయాయి.

పెద్దావిడకి సొంత పళ్ళు లేవు. తన సెట్టు తనే చేసుకుంది. భోజనం అయ్యాక తీసి, కడిగి, డబ్బాలో పెట్టేది. అప్పట్లో ఆవిడకి సణుగుడు ఎక్కువ. మైనం పల్చగా పోశావు, కిటికీ ఎందుకు తీశావు అని పొద్దస్తమానం నా ప్రాణం తీసేది. ఒకరోజు చిర్రెత్తుకొచ్చి, ఆవిడ పక్కగదిలో ఉందనుకుని ఓనరుతో అనేశాను.

"పళ్ళు పెట్టినట్టే ఆ నాలుక కూడా డబ్బాలో పెట్టేస్తే మనం బతికిపోతాం కదండీ."

ఓనరు పడీపడీ నవ్వాడు. నేను వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది, చేతిలో తడి డబ్బాతో.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పని ఉంటే ట్రేలో పెట్టి నా బల్ల మీదకి తోసేది. పలకరిస్తే గోడని చూసినట్టు చూసేది. తప్పయిందని చెబుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. పోనిద్దూ, ఈవిడ బెట్టు నాకెందుకని నేనూ బిగుసుకున్నాను. దవడ అడుగున ఆవిడ రాసే నంబర్లు నాకు అర్థమయ్యేవి కావు. ఇది ఆరా, సున్నానా అని అడగాలంటే మాట్లాడాలి కదా! అందుకని అడుగున చూడటమే మానేసి, ట్రేకి అంటించిన చీటీని బట్టి పని కానిచ్చేదాన్ని.

మొన్న వానాకాలంలో ఆవిడ పోయింది. నిద్రలోనే పోయిందట. నేను చూడ్డానికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?

నెల తర్వాత మా అత్తయ్యకి సెట్టు చేశాను. మా ఆయన పోయి ఆరేళ్ళు, పిల్లల్లేరు. ఇంట్లో నేనూ అత్తయ్యే. గుమ్మం దగ్గర నా చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, లోపల్నించి కబుర్లు మొదలెట్టేస్తుంది. ఆ కబుర్లే లేకపోతే ఆ ఇంట్లో నేను ఒక్క పూట ఉండలేను. అత్తయ్య నోటి అచ్చులో ప్లాస్టర్ నేనే పోసి, ట్రేలో పెట్టి చీటీ అంటించాను. ఆ వారంలోనే ఓనరు మనిషిని పెట్టి, ట్రేల్లోవన్నీ దింపించి అలమర దులిపించాడు. చీటీ ఉన్న ట్రే తీసుకుని వరస కట్టాను. సెట్టు అత్తయ్యకి అతికినట్టు సరిపోయింది. ఒక్కచోట కూడా అరగదీయాల్సిన పని రాలేదు. నా చేతిపనికి నేనే మురిసిపోయాను.

ఆ రోజు నుంచి అత్తయ్య మాటలు తగ్గాయి. కొత్త కదా, అలవాటు పడాలిలే అనుకున్నాను. మూడో రోజుకి పూర్తిగా మానేసింది. పలకరిస్తే గోడని చూసినట్టు చూసింది. పడుకునేముందు పళ్ళు తీసి నీళ్ళలో వెయ్యమంటే తల అడ్డంగా ఊపింది.

శనివారం మధ్యాహ్నం అలమర సర్దుతుంటే పై అరలో ఒక దవడ కనిపించింది. ఎడమవైపు చిగురు మీద చిన్న గుంట, ప్లాస్టర్ పోసినప్పుడు నేను చూసిందే. అది మా అత్తయ్యది. మైనం మరక కూడా అంటలేదు.

మరి నేను దేని మీద వరస కట్టాను?

సెట్టు తీసేటప్పుడు పగలగొట్టిన ప్లాస్టర్ ముక్కలు ఇంకా గోనెసంచిలోనే ఉన్నాయి. కింద కుమ్మరించి వెతికాను. అడుగు ముక్క దొరికింది. దాని మీద నంబరు లేదు. పెన్సిలుతో, పెద్దావిడ రాతలో ఒకే మాట ఉంది.

నాది.

ఏ ఇద్దరి దవడలూ ఒకలా ఉండవు. మా పనిలో మొదటి పాఠం ఇదే. ఆ సెట్టు మా అత్తయ్య నోట్లో నిలవనే కూడదు.

పరుగున ఇంటికి వచ్చాను. మబ్బు పట్టి నాలుగింటికే చీకటి కమ్మింది. కరెంటు లేదు. గుమ్మంలోనే కాలిన మైనం వాసన కొట్టింది. మా ఇంట్లో... మైనం ఎక్కడిది? గది మూల కుర్చీలో అత్తయ్య కూర్చుని ఉంది. మొహం కనపడటం లేదు. పళ్ళు మాత్రం తెల్లగా కనపడుతున్నాయి.

"అత్తయ్యా... ఆ పళ్ళు తియ్యండి."

టక్... టక్... పై పళ్ళు కింది పళ్ళకి తగులుతున్నాయి.

"ఆ జోకు మళ్ళీ చెప్పు," అంది. గొంతు అత్తయ్యదే. "ఆ రోజు నేను నవ్వలేదు. ఇప్పుడు నవ్వుతాను."

ఆ జోకు సంగతి అత్తయ్యకి నేను ఎప్పుడూ చెప్పలేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాను. తప్పయిపోయిందన్నాను. నన్నేమైనా చెయ్యండి, ఆవిణ్ణి వదిలెయ్యండి అని బతిమాలాను. నాలుగేళ్ళుగా గొంతులో ఆగిపోయిందంతా అప్పుడు బయటికి వచ్చింది. టక్... టక్...

ఇక ఆగలేకపోయాను. నోట్లో వేళ్ళు పెట్టి లాగాను. కొరికింది. రక్తం కారింది. అయినా వదల్లేదు. పై వరస ఊడింది, తర్వాత కింది వరస. గచ్చు మీద పెట్టి సుత్తితో నలగ్గొట్టాను. పిండి అయ్యేదాకా కొట్టాను.

"ఏమే, ఎప్పుడొచ్చావు? దీపం కూడా పెట్టలేదేం?"

అత్తయ్య! బోసినోటితో మాట్లాడుతోంది. గట్టిగా పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆ సాయంత్రమంతా చెప్పిన కబుర్లే మళ్ళీమళ్ళీ చెప్పింది. నేను ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మూడు రోజుల క్రితం పాలలో నానబెట్టిన రొట్టె తినిపిస్తుంటే చెంచా దేనికో టక్కుమని తగిలింది. నోరు తెరిపించి చూశాను. కింది చిగురు మీద తెల్లగా ఒక పన్ను.

నిన్నటికి మూడయ్యాయి. ఇవాళ ఆరు. డాక్టరు చూసి, పాతికేళ్ళుగా పళ్ళు లేని చిగురండీ ఇది అని, మళ్ళీ టార్చి వేసి చూశాడు. ఆయనకి తెలియనిది నాకు తెలుసు. వరస కట్టేటప్పుడు, సహజంగా కనిపించాలని ముందు పళ్ళలో రెండోదాన్ని నేను కాస్త పక్కకి వాల్చి గుచ్చుతాను. అది నా చేతి అలవాటు, ఇంకెవరికీ రాదు.

అత్తయ్య చిగురు మీద రెండో పన్ను అలాగే వాలి ఉంది. పొద్దున్నుంచి ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.