గట్టు మీది ఉమ్మెత్త

"ఇక్కడి ఉమ్మెత్త మొక్క ఏది?" అని సౌందర్య రామాంజిని అడిగింది.

నిన్న సాయంత్రం పారతో చేని గట్టంతా నున్నగా చెక్కింది తనే. వినుకొండ నుంచి రోజూ స్కూటీ మీద వచ్చి బొమ్మ వేసుకునే ఈ డ్రాయింగ్ టీచరు, పురుగూ పుట్రా భయం లేకుండా కూర్చోవాలని. ఆమె తన మిరపచేను బొమ్మే వేస్తోందనుకున్నాడు మహానుభావుడు! దగ్గరికెళ్లి కాగితం చూసే ధైర్యం ఏనాడు చేశాడు గనక?

"గేదె మేసిందండీ."

"ఉమ్మెత్తనా? ఎవరి గేదె?"

"మాదే."

"బతికే ఉందా?"

రామాంజి తల వాలిపోయింది. ఉమ్మెత్తను గొడ్డు ముట్టదని ఈపూరులో చిన్నపిల్లలకీ తెలుసు. రైతుబిడ్డకి ఇంతకన్నా మంచి అబద్ధం దొరకలేదు.

"నేనే చెక్కేశానండీ. మీరు మా మిరప బొమ్మ ఏస్తన్నారనుకున్నా."

ఆమె కాగితం చూపించింది. మొగ్గ, తెల్లని పువ్వు, ఆకు మీద ప్రతి ఈనె. కింద మాత్రం ఖాళీ.

"వేయడానికి పగిలిన కాయ ఒక్కటే మిగిలింది. ఫొటో చూసి వేయను నేను. మొక్క కళ్లెదుట ఉండాలి."

తిట్టినా బాగుండేది. ఆమె కళ్లలో నీళ్లు చూసి రామాంజి సిగ్గుతో చచ్చిపోయాడు. పరుగున వెళ్లి చెత్తకుప్పంతా తిరగేశాడు. ఒళ్లంతా మట్టితో, వాడిపోయిన మొక్కను రెండు చేతులా పట్టుకొచ్చాడు. ముళ్లకాయ ఇంకా కొమ్మకే ఉంది.

"ముదిరిందే! నీడన ఆరబెడితే పగులుతుంది. కాపలా ఎవరుంటారు?"

"నేనుంటా."

వసారాలో వేలాడే కొమ్మను చూసి వాళ్లమ్మ గురవమ్మ, "ఏందిరా ఈ కంప?" అని రోజూ గొణిగింది. కాయ పగిలిన పొద్దున దాన్ని పళ్లెంలో పెట్టుకుని గట్టు దగ్గరికి మోసుకెళ్లాడు.

సౌందర్య చివరి గింజకు రంగు వేసి తలెత్తింది.

"అసలు గట్టెందుకు చెక్కావు?"

"మీరు రోజూ రావాలని." ముఖం పళ్లెంలోనే దాచుకున్నాడు. "మీరంటే నాకు చానా ఇష్టమండీ. ఆ సంగతి చెప్పలేక పార పట్టుకున్నా."

ఆమె కుంచె కడిగింది. ఎంతసేపు కడిగిందో!

"ఈసారి మీ మిరపే వేస్తాను. పూత నుంచి పండు దాకా."

"పండాలంటే నెలలు పడతాయండీ!"

"తెలుసు," అంది సౌందర్య నవ్వుతూ. "అందాకా నువ్వు పార ముట్టుకోకు."